రెండెకరాల పసుపు: పొడి పట్టి అమ్మితే గిట్టుబాటవుతుందా?

ఎర్రగుంటూరు | 9 ఫిబ్రవరి 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది ఆర్మూర్ పక్కన ఊరు. రెండెకరాల్లో పసుపు వేశాను. తవ్వకం అయిపోయింది. సగం ఉడకబెట్టి కళ్లంలో ఆరబోశాం, మిగతాది ఈ వారం. అంతా ఆరి పాలిష్ పట్టాక 45 క్వింటాళ్ల దాకా రావచ్చు.

నిన్న మా బావ నిజామాబాద్ యార్డులో పసుపు కొమ్ము క్వింటాలు 10,500కి ఇచ్చి వచ్చాడు. అంటే కిలో 105. తిరిగొస్తూ ఇంట్లోకి సామాను కొంటుంటే అక్కడే పసుపు పొడి పొట్లం కనిపించిందట. కిలో లెక్కన చూస్తే 300 దాటింది. ఆ పొట్లం తెచ్చి నా ముందు పెట్టి, "తొమ్మిది నెలలు నువ్వు కష్టపడ్డావు, మిగతా 200 ఎవడు తింటున్నాడురా" అన్నాడు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

పొడి పట్టే మిషన్ పెడదామని ఆలోచన. మిషన్లు అమ్మే ఒకాయన రెండున్నర లక్షలవుతుంది, సబ్సిడీ కూడా వస్తుంది అంటున్నాడు. యూట్యూబ్‌లో చూసినవాళ్లు కాదు, చేసినవాళ్లు చెప్పండి. పొడో, నూనో, పచ్చడో, ఏదైనా సరే. మీ చేతికి ఎంత మిగిలింది?

గట్టుమీద కుర్రాడు | 9 ఫిబ్రవరి, రాత్రి 10:15

అన్నా, లెక్క చాలా సింపుల్. క్వింటాలు కొమ్ము 10,500. పొడి పట్టించడానికి కిలోకు 10 రూపాయలు, అంటే 1,000. తేమ, దుమ్ము పోగా 96 కిలోల పొడి. పావుకిలో పొట్లాలు 384. కవరు, లేబుల్ కలిపి ఒక్కోదానికి 4 రూపాయలు, అంటే దాదాపు 1,540. మొత్తం ఖర్చు 13 వేలు. కిలో 250కే అమ్మినా 24,000. క్వింటాలుకు 11 వేలు మిగులు. 45 క్వింటాళ్లకు దగ్గర దగ్గర 5 లక్షలు. ఇంకా ఆలోచనెందుకు?

కదిరి గానుగ | 10 ఫిబ్రవరి, ఉదయం 6:05

తమ్ముడూ, నీ లెక్కలో తప్పేం లేదు. కాకపోతే అందులో కొనేవాడు లేడు.

ఒక ఇంటికి ఏడాదికి ఎంత పసుపు పడుతుంది? కిలో. మహా అయితే కిలోన్నర. 45 క్వింటాళ్లు పొడి చేస్తే 4,300 కిలోలు. అంటే మూడు వేల నుంచి నాలుగు వేల ఇళ్లు ఏడాది పొడుగునా నీ పసుపే వాడాలి. నీ ఫోన్‌లో ఎన్ని నంబర్లున్నాయి? నేను గానుగ పెట్టినప్పుడు నా ఫోన్‌లో 310 ఉన్నాయి. అందులో అరవై మంది నాకే అప్పున్నవాళ్లు.

నా సంగతి చెప్తా. నాలుగెకరాల వర్షాధార వేరుశనగ. ఐదేళ్ల కింద కట్టె గానుగ పెట్టాను. క్వింటాలు కాయలు ఒలిస్తే 70 కిలోల పప్పు. దాన్ని ఆడిస్తే 28 కిలోల నూనె, అంటే 30 లీటర్లు అనుకో. చెక్క 40 కిలోలు. నూనె లీటరు 270 చొప్పున 8,100, చెక్క కిలో 40 లెక్కన 1,600, మొత్తం 9,700. కాయల ధర 6,500 తీసెయ్యి. ఒలిపించడం, కరెంటు, సీసాలు, డబ్బాలు, తిరుగుడు కలిపి 1,700. మిగిలేది 1,500. నెలకు 12 క్వింటాళ్లు ఆడితే 18 వేలు. అదీ నేనూ నా భార్యా ఇద్దరం పనిచేస్తే. ఇద్దరం కూలికి పోయినా ఇంచుమించు అంతే వచ్చేది. కాకపోతే నీడపట్టున ఉంటాం, సంవత్సరమంతా పని ఉంటుంది. అందుకే వదిలిపెట్టలేదు.

ఇంకో మాట ఎవరూ చెప్పరు. మాది అనంతపురం వైపు వాన. ఒక ఏడాది పంట పూర్తిగా పోయింది. మరి నెలనెలా నూనె తీసుకునే వాళ్లకు ఏం చెప్పాలి? ఈసారి లేదు అంటే వేరేవాడి దగ్గరికి పోతారు, మళ్లీ రారు. బయట కాయలు కొని ఆడించాను. ఆ ఏడాది నేను రైతును కాదు, వ్యాపారిని. కాయలు కొనేటప్పుడు నేను కూడా ధర తగ్గించే అడిగాను. సిగ్గు పడుతూనే అడిగాను.

గట్టుమీద కుర్రాడు | 10 ఫిబ్రవరి, ఉదయం 7:30

షాపులకు వేస్తే సరిపోతుంది కదా అన్నా, ఇల్లిల్లూ తిరగడమెందుకు?

కదిరి గానుగ | 10 ఫిబ్రవరి, ఉదయం 7:52

వేశాను. షాపువాడు నూటికి ఇరవై తీసుకుంటాడు. డబ్బు నెలన్నరకు ఇస్తాడు. అమ్ముడుపోనిది వాపసు. పెద్ద కంపెనీ నూనె కంటికెదురుగా ఉంటుంది, నాది కింద అరలో చీపుర్ల పక్కన. ఆ ముందు అర కోసం వాళ్లు షాపువాడికి డబ్బు కడతారంట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

కొత్తగా పెట్టేవాళ్లు ఇదీ రాసుకోండి. వంట నూనె విడిగా, డబ్బాలోంచి కొలిచి అమ్మకూడదు. ప్యాక్ చేసి, లేబుల్ వేసే అమ్మాలి. బోరు మోటారుకు ఇచ్చిన ఉచిత కరెంటు మీద గానుగ నడపకూడదు, పట్టుకుంటే కేసే. విడిగా కనెక్షన్ తీసుకోవాలి.

మిర్చి కళ్లం | 10 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:20

ఖమ్మం జిల్లా. నాకు ఈ "విలువ జోడింపు" అనే మాట వింటేనే ఒళ్లు మండుతుంది. పంటకు ధర ఇవ్వలేనివాళ్లు చెప్పే మాట ఇది. వడ్లు పండించినవాణ్ని బియ్యం పట్టి అమ్ముకో అంటారు, మిర్చి పండించినవాణ్ని కారం పట్టుకో అంటారు. యార్డులో జెండా పాట, అంటే ఆ రోజు పాడే పై ధర, ఒకటి పలుకుతుంది, నా బస్తా దగ్గరికి వచ్చేసరికి రెండు వేలు తగ్గుతుంది. అది సరిచేయమంటే మిషన్ కొనుక్కోమంటారు. చెప్పులు కుట్టేవాణ్ని షాపు పెట్టుకో అన్నట్టు.

పసుపుకు ఈరోజుకీ మద్దతు ధర లేదు. 2019 ఎన్నికల్లో మీ నిజామాబాద్‌లోనే 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. ఏమడిగారు? పసుపు బోర్డు, పసుపుకు, ఎర్రజొన్నకు ధర. మిక్సీలు అడగలేదు. బోర్డు మొన్న సంక్రాంతికి మొదలైంది, సంతోషం. ధర సంగతి?

ఎర్రగుంటూరు | 10 ఫిబ్రవరి, రాత్రి 8:10

అన్నా, ఆ నామినేషన్లు వేసినవాళ్లలో మా ఊరివాళ్లూ ఉన్నారు. మీరు చెప్పింది కాదనను. కానీ ధర వచ్చేదాకా కళ్లంలో పసుపు నన్ను చూస్తా కూర్చోదు కదా. మొన్నటి తవ్వకం కూలీల బాకీ ఇంకా 40 వేలుంది.

రిటైర్డ్ ఏఓ | 11 ఫిబ్రవరి, ఉదయం 10:00

వ్యవసాయ శాఖలో 31 ఏళ్లు చేశాను. సబ్సిడీ గురించి అపోహ ఉంది కాబట్టి చెప్తాను.

మిషన్ డీలరు చెప్పింది బహుశా పీఎంఎఫ్ఎంఈ, అంటే చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు కేంద్రం ఇచ్చే సాయం గురించి. 2020లో వచ్చిన పథకం. చిన్న ఆహార శుద్ధి యూనిట్‌కు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. మీ వాటా కనీసం 10 శాతం, మిగతాది బ్యాంకు అప్పు. ఆ 35 శాతం మీ చేతికి రాదు. మీ అప్పు ఖాతాకు జతగా బ్యాంకులోనే ఉంటుంది. మూడేళ్లు యూనిట్ నడిచి, వాయిదాలు సక్రమంగా కడితే అప్పుడు సర్దుబాటు చేస్తారు. మధ్యలో ఆపేస్తే సబ్సిడీ పోతుంది, అప్పు మిగులుతుంది. డీలరు ఈ రెండో సగం చెప్పడు. ఆయనకు మిషన్ అమ్ముడుపోతే చాలు.

ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మాత్రం భయపడేంత పని కాదు. మీలాంటి చిన్న అమ్మకానికి రిజిస్ట్రేషన్ సరిపోతుంది, ఫీజు కూడా కొద్దిగానే. ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు. బయట రెండు వేలు అడిగేవాళ్లకు ఇవ్వకండి.

మిర్చి కళ్లం గారూ, మీ కోపం న్యాయమే. కానీ ఒక మాట. పసుపును ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టడం కూడా విలువ జోడింపే. పచ్చి పసుపు వంద కిలోలైతే ఎండుది ఇరవై. ఆ పనంతా రైతు కళ్లంలోనే తరాలుగా జరుగుతోంది. మనం దాన్ని విలువ జోడింపు అనలేదు, పసుపు పని అన్నాం. దానికి విడిగా ధర కట్టనూ లేదు.

మిర్చి కళ్లం | 11 ఫిబ్రవరి, ఉదయం 11:34

ఈ చివరి మాటతో మాత్రం ఏకీభవిస్తున్నా సార్.

డల్లాస్ వాసి | 11 ఫిబ్రవరి, రాత్రి 11:50

ఇక్కడ మన కొట్లలో మంచి పసుపు దొరకదు. నేను ఊరొచ్చినప్పుడల్లా మూడు కిలోలు పట్టుకొస్తాను. మీరు డైరెక్ట్‌గా ఎక్స్‌పోర్ట్ ఎందుకు చెయ్యకూడదు? కర్క్యుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) శాతం రాసి, ఆర్గానిక్ అని పెడితే పది రెట్లు రేటు వస్తుంది.

సంఘం లెక్కలు | 12 ఫిబ్రవరి, ఉదయం 6:40

డల్లాస్ అన్నా, ఆర్గానిక్ అని పెట్టడానికి పెన్ను చాలు, నిరూపించడానికి సర్టిఫికెట్ కావాలి. దానికి రెండు మూడేళ్లు. మందుల అవశేషం కాస్త ఎక్కువున్నా సరుకు రేవులోంచే వెనక్కి. మసాలా దినుసుల బోర్డు దగ్గర ఎగుమతిదారుగా నమోదు వేరే. రెండెకరాల రైతు కంటైనర్ నింపలేడు. నువ్వు మూడు కిలోలకు బదులు పది కిలోలు పట్టుకెళ్లు, అదే మాకు ఎగుమతి.

నేను ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో లెక్కలు చూస్తాను. 412 మంది సభ్యులం. ఎర్రగుంటూరు తమ్ముడి ప్రశ్నకు పుస్తకాల్లో రాసే జవాబు మేమే: ఒక్కడు మిషన్ కొనొద్దు, అందరూ కలిసి కొనండి. కొన్నాం. నడుస్తోంది కూడా. కానీ అనుభవం వేరు.

సంఘానికి పసుపు తెమ్మంటే సభ్యులు ఏది తెస్తారు? మంచి కొమ్ము అడ్తి దుకాణానికి, అంటే యార్డులో కమీషన్ వ్యాపారికి పోతుంది, ఎందుకంటే అక్కడ పెట్టుబడికి అప్పు తెచ్చారు. సంఘానికి మిగిలింది వస్తుంది. తేమ మీటరు పెట్టి వెనక్కి పంపితే, "మన సంఘమే కదా, ఇదేం పట్టింపు" అని అలుగుతారు. అడ్తిదారు తరుగు తీసినా అనరు, మేం తీస్తే ఊరంతా అంటారు. వాళ్ల తప్పూ కాదు. తవ్వకానికి ముందు లక్ష అడిగితే అడ్తిదారు ఆ రాత్రికే ఇస్తాడు. సంఘం ఇవ్వలేదు. కేంద్రం పథకంలో నిర్వహణకు మూడేళ్లకు 18 లక్షల దాకా ఇస్తారు, అది జీతాలకు, ఆఫీసుకు. ఆ మూడేళ్లు అయిపోయాక నా జీతం కూడా ఆగిపోయింది. ఇప్పుడు సాయంత్రాలు వచ్చి లెక్కలు రాస్తున్నాను.

అయినా ఒక లాభం ఉంది. మా మిషన్ దగ్గర ఎవరైనా కిలో 8 రూపాయలకు పట్టించుకోవచ్చు. నువ్వు మిషన్ కొనకు తమ్ముడూ. దగ్గర్లో ఎక్కడ పడతారో వెతుకు.

ఎర్రగుంటూరు | 12 ఫిబ్రవరి, రాత్రి 9:05

ఊరి గిర్నిలో పట్టించాను మొన్న ఐదు కిలోలు. కారం పట్టిన వెంటనే నాది వేశాడు. పొడి పసుపు కాదు, పసుపు కారం. మా అమ్మ మొహాన పెట్టుకుని గంటసేపు తిట్టింది.

తాండ్ర చాప | 13 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:15

నమస్కారం. రోజూ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది గోదావరి పక్క, ఆత్రేయపురానికి దగ్గరే. ఎకరంన్నర మామిడి తోట. డ్వాక్రా సంఘంలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. తాండ్ర, ఊరగాయలు చేస్తాను.

మీ లెక్కలన్నీ చూశాను. అందరూ కరెంటు రాశారు, కవర్లు రాశారు, తిరుగుడు రాశారు. పొట్లం ఎవరు కడతారో రాయలేదు. 384 పొట్లాలు కట్టి, తూచి, సీలు వేసి, లేబుల్ అతికించాలంటే ఎన్ని గంటలు పడుతుందో ఎవరైనా కట్టి చూశారా? మా ఇంట్లో అయితే అది రాత్రి తొమ్మిది తర్వాత, వంటా గిన్నెలూ అయ్యాక నేను చేసే పని. మా వారు బయట "క్వింటాలుకు ఇంత మిగిలింది" అని గొప్పగా చెప్తారు. నా కూలి తీస్తే మిగిలేది చాలాసార్లు సున్నా. కదిరి అన్నయ్య ఒక్కరే భార్య పని ఊసెత్తారు, అందుకు దండం.

అలాగని మానేశానా అంటే, లేదు. ఎందుకు మానలేదో చెప్తాను, ఎర్రగుంటూరు తమ్ముడికి పనికొస్తుంది.

తోటలో మంచి కాయ ఎప్పుడూ తాండ్రకు వెయ్యను. మంచి కాయకు తోట దగ్గరే ధర ఉంది. ఈదురుగాలి వచ్చిందంటే రాలిన కాయ రూపాయికి కూడా ఎవరూ అడగరు. అది ఊరగాయకు. పండి మెత్తబడిపోయినది, బండికి తట్టుకోనిది తాండ్రకు. రసం తీసి చాప మీద పలచగా పోసి, ఎండాక మళ్లీ పోసి, అలా పొర మీద పొర. మధ్యలో వాన పడితే మొత్తం పారబొయ్యడమే, ఒకసారి పదకొండు చాపలు పోయాయి. అయినా పోయింది నా పని, పంచదార. పండుకు ఎలాగూ ధర లేదు కాబట్టి గుండె ఆగలేదు.

దేనికి ధర రాదో దాంతో మొదలుపెట్టండి. ధర పలికే సరుకును పొడి చేసి, ఆ డబ్బును పొట్లాల్లో ఇరికించి కూర్చోకండి. మీ పసుపులో అలాంటిది ఏముంటుందో నాకు తెలియదు, మీకే తెలియాలి.

ఎర్రగుంటూరు | 13 ఫిబ్రవరి, రాత్రి 10:20

అక్కా, మండ! అంటే పసుపు తల్లి దుంప.

మండకు యార్డులో కొమ్ము కంటే ఎప్పుడూ తక్కువే. ఈసారి వెయ్యి దాకా తేడా ఉంది. చూడ్డానికి గుండ్రంగా, ముడతలుగా ఉంటుంది, అంతే. మా ఇంట్లో తరతరాలుగా తినేది మండ పసుపే. కొమ్ము అమ్మకానికి, మండ ఇంటికి. పొడి చేశాక అది మండో కొమ్మో ఎవరికి తెలుస్తుంది? రంగులో కూడా తేడా కనపడదు. నాకు 12 క్వింటాళ్ల మండ వస్తుంది.

కదిరి గానుగ | 14 ఫిబ్రవరి, ఉదయం 5:50

పన్నెండూ పట్టించకు. రెండు మూడుతో మొదలుపెట్టు. ముందు కారం పట్టని మిషన్ చూసుకో. నిదానంగా తిరిగేది అయితే మంచిది, వేడెక్కితే వాసన పోతుంది.

సంఘం లెక్కలు | 14 ఫిబ్రవరి, ఉదయం 8:12

పొడి పట్టించే ముందు ఒకసారి ల్యాబ్‌లో పరీక్ష చేయించు. పొడి పసుపులో రంగు కలుపుతారని జనానికి భయం. కాగితం చూపిస్తే ధర గురించి బేరమాడరు.

రిటైర్డ్ ఏఓ | 14 ఫిబ్రవరి, ఉదయం 11:00

లేబుల్ మీద నికర బరువు, గరిష్ఠ ధర, తయారీ తేదీ, చిరునామా, ఫోను నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. "షుగర్ తగ్గిస్తుంది", "క్యాన్సర్ రాదు" లాంటివి రాయకండి. అందరూ రాస్తున్నారు కదా అనకండి, నోటీసు వస్తే మీకే వస్తుంది.

చిత్తూరు తోతాపురి | 19 జూన్ 2025, రాత్రి 8:45

పాత చర్చను పైకి తెస్తున్నందుకు క్షమించండి. మామిడి ఊసొచ్చింది కాబట్టి మా బాధ ఇక్కడే చెప్పుకుంటా. మా జిల్లా నిండా గుజ్జు ఫ్యాక్టరీలే. శుద్ధి పరిశ్రమ వస్తే రైతు బాగుపడతాడు అనేవాళ్లు ఒకసారి మా దగ్గరికి రండి. పోయినేటి గుజ్జే అమ్ముడుపోలేదని ఈసారి కాయ తీసుకోవడం లేదు. ప్రభుత్వం కిలో 12 అని ప్రకటించింది, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. నా ట్రాక్టరు రెండు రోజులుగా ఒక గేటు ముందు వరుసలో ఉంది. లోపలికి పోయాక 8 ఇస్తారన్న నమ్మకం కూడా లేదు. కాయ ట్రాలీలోనే మెత్తబడుతోంది.

విలువ జోడిస్తున్నారు, నిజమే. ఫ్యాక్టరీ వాళ్లు జోడిస్తున్నారు, వాళ్లకే చేరుతోంది. ఐదెకరాల తోట ఉన్న నేను తాండ్ర వేసుకుని 30 టన్నులు తియ్యగలనా?

తాండ్ర చాప | 19 జూన్, రాత్రి 9:30

తియ్యలేరు అన్నయ్యా. నా పద్ధతి పదిహేను ఇరవై క్వింటాళ్లకు సరిపోతుంది, అంతే. టన్నులకు మా చాపలు మందు కాదు. మీది ధర సమస్యే, మిర్చి కళ్లం గారు మొదట్లో చెప్పిందే.

మిర్చి కళ్లం | 19 జూన్, రాత్రి 9:41

నాలుగు నెలల తర్వాత నన్ను ఒప్పుకున్నారు. కానీ ఇలాంటి విషయంలో గెలవాలని నాకు లేదు. ట్రాక్టరు సంగతి ఏమైందో రాయండి అన్నా.

చిత్తూరు తోతాపురి | 21 జూన్, ఉదయం 6:15

లోపలికి పోయింది. మూడో వంతు కాయ తీసేశారు. మిగతాదానికి చీటీ ఇచ్చారు, డబ్బు ఎప్పుడో చెప్పలేదు.

ఎర్రగుంటూరు | 13 జూలై 2025, రాత్రి 9:00

ఆలస్యమైనా నా లెక్క రాస్తున్నాను, ఇదిగో.

కొమ్ము 33 క్వింటాళ్లు మార్చిలోనే అమ్మేసి బాకీలు తీర్చాను. మిషన్ కొనలేదు. మండలో 3 క్వింటాళ్లు మాత్రం నలభై కిలోమీటర్ల దూరంలో పసుపు ఒక్కటే పట్టే చోట పట్టించాను. 288 కిలోల పొడి వచ్చింది. మండకు యార్డు ధర కట్టుకుంటే 28,800. పట్టుబడి 3,000. కవర్లు, లేబుళ్లు 4,500. సీలు మిషన్, ల్యాబ్ పరీక్ష కలిపి 4,300. తాండ్ర అక్క చెప్పినందుకు మా ఆవిడ పనిచేసిన సాయంత్రాలు గోడ మీద గీతలు పెట్టాం. పంతొమ్మిది. సాయంత్రానికి 200 చొప్పున 3,800. మొత్తం 44,400.

ఇప్పటిదాకా అమ్మింది 210 కిలోలు, కిలో 240 చొప్పున 50,400. కొరియర్ కొన్నవాళ్లదే. చేతిలో 6,000 మిగులు, ఇంకా 78 కిలోల పొడి ఉంది. అది కూడా పోతే ఇరవై నాలుగు వేలకు పైనే. మా బావ అడిగిన "మిగతా 200 ఎవడు తింటున్నాడు" అనే ప్రశ్నకు జవాబు కొంత తెలిసింది. షాపు తింటుంది, కవరు తింటుంది, తిరుగుడు తింటుంది. ఒక పార్సెల్ దారిలో పగిలి హైదరాబాద్‌లో ఒకామె చీరలన్నీ పసుపుపచ్చగా అయ్యాయి. ఆమెకు డబ్బు వెనక్కిచ్చి, ఇంకో కిలో పంపాను. ఇప్పుడు ఆమే వాళ్ల అపార్ట్‌మెంట్‌లో పదకొండు ఇళ్లకు ఇప్పించింది.

3,800 మా ఆవిడ చేతికే ఇచ్చాను. ఎందుకు అంది. లెక్కలో ఉంది అన్నాను.

ఒక్కటే సమస్య. వానలు మొదలయ్యాయి, మిగిలిన పొడి కాస్త ఉండ కడుతోంది. ఏం చెయ్యాలి?

తాండ్ర చాప | 13 జూలై, రాత్రి 9:25

ఎండ వచ్చిన రోజు పలచటి గుడ్డ కప్పి ఆరబెట్టండి, చల్లారాక మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పోయండి. ఇకముందు పొడిగా దాచొద్దు తమ్ముడూ. మండగానే దాచుకోండి, ఆర్డర్లు యాభై కిలోలు దాటినప్పుడు పట్టించండి. మిగతా తొమ్మిది క్వింటాళ్లు అమ్మేశారా, ఉంచారా?

ఎర్రగుంటూరు | 13 జూలై, రాత్రి 9:31

ఆరు అమ్మేశాను, మూడు అటక మీద గోనెల్లో ఉన్నాయి అక్కా.

మిర్చి కళ్లం | 13 జూలై, రాత్రి 10:02

నాకు రెండు కిలోలు పంపు. ధర విషయంలో నా మాట మారలేదు, పసుపు మాత్రం కావాలి.